మన దేవుళ్లకు కోడంబాక్కం చిరునామా



ముందు ఒక చిన్న పరీక్ష. కళ్లు మూసుకుని కృష్ణుణ్ణి తలుచుకోండి. నెమలిపింఛం, నీలి ఛాయ, ఓరచూపు, పెదవి చివర చిరునవ్వు. ఇప్పుడు నిజం చెప్పండి, ఆ ముఖం ఎవరిది? మనలో ఎక్కువమందికి కనిపించేది నందమూరి తారక రామారావు గారే. వ్యాసుడు ఎంత వర్ణించినా, పోతన ఎన్ని పద్యాలు రాసినా, కృష్ణుడి ముఖం ఖాయమైంది మాత్రం మన చెన్నైలోనే, వడపళనిలో.

దీనికి నవ్వుకోవచ్చు, నొచ్చుకోవచ్చు. మన సంఘంలో రెండు రకాల వాళ్లూ ఉన్నారు. ఉగాదికి పాత పౌరాణిక సినిమా వేద్దామంటే కొందరు సంబరపడతారు. "పండగపూట సినిమా ఏమిటండీ, ప్రవచనం పెట్టించండి" అని పెద్దలు కొందరు అంటారు. వాళ్ల బాధా న్యాయమైనదే. అయితే తీర్పు చెప్పే ముందు కొంచెం చరిత్ర చూద్దాం.

దేవుడికి ముఖం మార్చింది సినిమా ఒక్కటే కాదు. 1894లో రాజా రవివర్మ బొంబాయిలో అచ్చుయంత్రం పెట్టాక లక్ష్మీ సరస్వతులు చీరలు కట్టుకుని ఇంటింటి గోడమీదికి వచ్చారు. మన పూజగదిలో ఈనాటికీ ఉన్న పటాల పోలిక చాలావరకు అక్కడిదే. తెలుగు దేవుళ్లు మొదట మాట్లాడింది కూడా తెలుగునేలమీద కాదు. మన మొదటి టాకీ "భక్త ప్రహ్లాద" 1932లో వచ్చింది. దాన్ని తీసింది బొంబాయిలో. నటించినవాళ్లలో సురభి నాటకాలవాళ్లు ఉన్నారు. ఆ తర్వాత దేవుళ్లందరూ మద్రాసు చేరి కోడంబాక్కం, వడపళని చుట్టుపక్కల స్థిరపడ్డారు. మన తాతముత్తాతలలాగే వాళ్లదీ వలస బతుకే అన్నమాట.

1957లో విజయావారు "మాయాబజార్" తీశారు. అంతకుముందు రామారావు గారు తెరమీద కృష్ణుడిగా కనిపిస్తే జనం మెచ్చలేదట. ఆయన వెనకాడితే దర్శకుడు కె.వి. రెడ్డి గారు పట్టుబట్టి ఒప్పించారు. సినిమా తెలుగులోనూ తమిళంలోనూ ఒకే ఏడు వచ్చింది. తెలుగులో అభిమన్యుడు అక్కినేని, తమిళంలో జెమినీ గణేశన్. లక్ష్మణ కుమారుడు ఇక్కడ రేలంగి, అక్కడ తంగవేలు. శశిరేఖగా సావిత్రి, ఘటోత్కచుడిగా ఎస్వీ రంగారావు, కృష్ణుడిగా రామారావు మాత్రం రెండింటా వాళ్లే. అల్లుడు మారాడు గాని మేనమామ మారలేదు. అందుకే మన పక్కింటి తమిళ పాటీ కూడా ఆ కృష్ణుణ్ణి చూసి చెంపలు వేసుకుంది.

మరి ఆ కథ ఎక్కడిది? వ్యాస భారతమంతా వెదకండి, శశిరేఖా అభిమన్యుల పెళ్లి దొరకదు. అది జనం అల్లుకున్న కథ, నాటకాలవాళ్లు ఆడిన కథ. పాండవుల బంధువర్గమంతా నడిపించే ఆ సినిమాలో పాండవులే కనిపించరు. పైగా హస్తినాపురం మగపెళ్లివారి భోజనంలో గోంగూర ఉండి తీరాలి. ద్వాపరయుగంలో గోంగూర ఏమిటని మనలో ఎవరైనా అడిగామా? లేదు. పులుపు ఎంత వేశారని మాత్రం అడిగి ఉంటాం.

ఇంకో చిత్రం చూడండి. 1958లో తమిళ "సంపూర్ణ రామాయణం"లో రామారావు గారు రాముడు. అదే ఏడు తెలుగు "భూకైలాస్"లో ఆయనే రావణుడు. రెండు భాషలూ తెలిసిన మన మద్రాసు తెలుగువాళ్ల అవస్థ ఊహించండి. ఒక హాల్లో దండం పెట్టి బయటికొచ్చి, ఇంకో హాల్లో అదే ముఖానికి పది తలలు చూడాలి. 1966లో "శ్రీకృష్ణ పాండవీయం" వచ్చేసరికి కృష్ణుడూ దుర్యోధనుడూ ఆయనే. 1977లో "దాన వీర శూర కర్ణ"కు కర్ణుడు కూడా చేరాడు. ఇక యుద్ధం ఎవరికీ ఎవరికీ జరిగినట్టు? జనం మాత్రం ఏమాత్రం తికమకపడలేదు. అద్వైతాన్ని ఇంత తేలిగ్గా జీర్ణించుకున్న ప్రేక్షకులు ఇంకెక్కడా ఉండరు.

తిరుపతి యాత్రికుల బస్సుల సంగతి మీ ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పే ఉంటారు. కొండమీద స్వామి దర్శనం అయ్యాక బస్సు మద్రాసుకు తిరిగేది. తెల్లవారకముందే టి. నగర్ బజుల్లా రోడ్డులో రామారావు గారి ఇంటిముందు నిలిచేది. 1960లో ఆయన "శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం"లో వేంకటేశ్వరుడు కదా. కొండమీద స్వామి మాట్లాడడు, ఈ స్వామి "ఏ ఊరు మీది?" అని పలకరిస్తాడు. ఆ తేడా చిన్నది కాదు. ఆయన 1982 మార్చిలో పార్టీ పెట్టి 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యాక మన ఊళ్లో ఆ దర్శనాలు ఆగిపోయాయి.

వడపళనిలోనే ఇంకో పురాణశాల ఉండేది. "చందమామ" 1947 జూలైలో తెలుగులోనూ, "అంబులిమామ" పేరుతో తమిళంలోనూ మొదలైంది. మనలో ఎందరో రామాయణ భారతాలు మొదట చదివింది అందులోనే. 1952 నుంచి 1980లో పోయేదాకా ఆ పత్రికను నడిపిన కలం కొడవటిగంటి కుటుంబరావు గారిది. ఆయన పక్కా హేతువాది, మార్క్సిస్టు. దేవుడి మీద నమ్మకంలేని మనిషి చేత పిల్లలకు పురాణాలు చెప్పించుకున్న దేవుడి చమత్కారం ముందు ఏ మాయాబజారూ నిలవదు.

ఇక ఘంటసాల గారి భగవద్గీత. 1974లో ఆయన పోయాక ఆ రికార్డు వచ్చింది. లేచి పోరాడమని అర్జునుడికి కృష్ణుడు చెప్పిన మాటలవి. మనమేమో ఇక లేవని మనిషి పక్కన పెడుతున్నాం. పొద్దున్నే ఎవరింట్లోనైనా అది వినిపిస్తే "అయ్యో, ఎవరండీ?" అని చెప్పులేసుకుని బయల్దేరతాం. బతికుండగా వింటే బాగుండునని ఎవరికీ తోచదు.

ఇంతకీ నవ్వుతాలు పక్కనపెట్టి అసలు మాటకొద్దాం. ఉగాదికి ప్రవచనమా సినిమానా అన్న వాదంలో మనం ఒక విషయం మరిచిపోతున్నాం. ఆ రెండూ అర్థం కావాలంటే ముందు తెలుగు రావాలి. 2006లో తమిళ అభ్యాస చట్టం వచ్చాక మన పిల్లలు ఒకటో తరగతి నుంచి తమిళం చదువుతున్నారు. ఉన్న ఊరి భాష నేర్చుకోవాల్సిందే, అందులో తప్పులేదు. దానికి తోడు ఇంగ్లీషు. మన ఇళ్లలో చాలాచోట్ల తెలుగు నోటిమాటకే పరిమితమైంది. అది కూడా "అన్నం తిన్నావా, ఫోను పక్కన పెట్టు" వరకే.

మనం తెలుగునేలకు దూరంగా తరాలు గడిపినా నిండైన తెలుగు వాక్యం చెవిన పడుతూ వచ్చిందంటే, అందులో ఈ సినిమాలకూ చందమామకూ పెద్ద వాటా ఉంది. పింగళి నాగేంద్రరావు గారు పుట్టించిన "వీరతాడు", "అసమదీయులు" వంటి మాటలు అక్షరం రాని నోళ్లలో కూడా ఆడాయి. మనకు దేవుడూ భాషా ఒకే టిక్కెట్టు మీద దొరికాయి. ఇప్పటి పిల్లలకు దేవుడు యానిమేషన్‌లో ఇంగ్లీషు మాట్లాడుతూ దొరుకుతున్నాడు. దేవుడికొచ్చిన నష్టమేమీ లేదు, ఆయన అన్ని భాషలూ ఎరిగినవాడు. నష్టపోతున్నది మనం.

కాబట్టి మా ప్రతిపాదన ఇది. వచ్చే ఉగాదికి పొద్దున ప్రవచనం, సాయంత్రం "మాయాబజార్" రెండూ పెడదాం. సినిమా మధ్యమధ్య ఆపి, ఒక్కో పెద్దాయన ఒక్కో మాటకు అర్థం పిల్లలకు చెప్పాలి. ఆ తర్వాత వారం నుంచి ఆదివారాలు అక్షరాల తరగతి మొదలుపెడదాం. పాత చందమామలు అటకమీద ఉన్నవాళ్లు దులిపి తెచ్చివ్వండి. గోంగూర పచ్చడి బాధ్యత ఎవరు తీసుకుంటారో కింద రాయండి. పేర్లు రాకపోతే ఘటోత్కచుణ్ణి పిలవాల్సి వస్తుంది, అప్పుడు మిగిలినవాళ్లకు ఏమీ మిగలదు.