మైనం ముద్ద

న్యూయార్క్, కొలంబియా యూనివర్సిటీ. 1890ల చివరి రోజులు.

పిడి కదలకుండా బిగించిన ట్యూనింగ్ ఫోర్క్. దాని కొమ్ముకి కట్టిన దారం. దారం రెండో కొస బిగించి ఉంది. ఫోర్క్ మోగింది. అలలు పరుగెత్తాయి. అవతలి కొస చేరేసరికి నీరసించిపోయాయి.

అక్కడి ప్రొఫెసర్ మైకేల్ ప్యుపిన్‌కి తెలుసు, టెలిఫోన్ జబ్బూ ఇదే. దూరం పెరిగేకొద్దీ గొంతు కేబుల్‌లోనే ఇంకిపోతోంది. దారం బరువెక్కితే అల ఎక్కువ దూరం పోతుందని లెక్క చెబుతోంది. తేనెమైనం ముద్ద చేసి దారం మధ్యలో అంటించాడు. మళ్లీ ఫోర్క్ మోగింది.

అల ముద్దని తాకింది. వెనక్కి తిరిగింది!

తేలిక దారం మీద ఉరుకుతున్న అలకి ఉన్నట్టుండి బరువైన దారం ఎదురైతే, సెకనుకి ఊగే ఊపులు అన్నే ఉంటాయి గానీ నడక మందగిస్తుంది, అలకీ అలకీ మధ్య ఎడం తగ్గుతుంది, శక్తిలో కొంత ముందుకి దాటిపోతుంది, మిగతాది తలకిందులై వచ్చిన దారినే వెనక్కి పోతుంది. బరువంతా ఒక్కచోట ముద్దగా ఉన్నా ఆ వెనుదిరగడం తప్పదు. మరి బరువు పెంచేదెలా?

ప్యుపిన్ అదే మైనాన్ని మూడు ముక్కలు చేశాడు. సమాన దూరాల్లో అంటించాడు. అల మెరుగ్గా సాగింది. ఇంకా చిన్నగా తుంచాడు. ఇంకా మెరుగు. ముక్కలు బాగా దగ్గర పడ్డాక అలకి అవి విడివిడిగా తగలవు. దాని లెక్కలో అదంతా ఒకే బరువైన దారం. దారానికి బరువెలాగో కేబుల్‌కి ఇండక్టెన్స్ అలాగ. మైనానికి బదులు దాన్ని పెంచే తీగచుట్టలు పెట్టాలి, అంతే. 1899 డిసెంబరులో పేటెంట్‌కి దరఖాస్తు పెట్టాడు.

అప్పటికే బోస్టన్‌లో ఇంకొకాయన అదే పని చేసి చూశాడు.

జార్జ్ క్యాంప్‌బెల్. బెల్ కంపెనీ ఇంజనీరు. ఆయన చుట్టలు ఆ సెప్టెంబరులోనే పనిచేశాయి. దరఖాస్తే ఆలస్యమైంది. హక్కు ప్యుపిన్‌కి పోయింది. ఆయనకి కంపెనీ మొత్తం 4,55,000 డాలర్లు ముట్టజెప్పింది.

అసలు అన్యాయం జరిగింది మాత్రం వీళ్లిద్దరికీ కాదు.

1887, లండన్. తలుపులు మూసిన గది. నూనె దీపం, పైపు పొగ, ఉక్క. ఉద్యోగం లేని ఆలివర్ హెవిసైడ్ రాస్తున్నాడు: తీగకి ఇండక్టెన్స్ పెంచండి, గొంతు చెడకుండా వెళ్తుంది. తపాలా శాఖ పెద్ద ఎలక్ట్రీషియన్ విలియం ప్రీస్ నమ్మకం సరిగ్గా దానికి ఎదురు. వ్యాసం అచ్చు కాకుండా అడ్డుపడ్డాడు. హెవిసైడ్ పేటెంట్ తీసుకోలేదు.

ఏళ్ల తర్వాత అమెరికాలోని ఆ బెల్ కంపెనీ హెవిసైడ్‌కీ డబ్బిస్తానంది. ఆయనకి పేదరికం, దానికి తోడు చెవుడు. అయినా ఒక్కటే షరతు పెట్టాడు. ఈ ఆలోచన పూర్తిగా నాదని ఒప్పుకోండి.

కంపెనీ ఒప్పుకోలేదు. ఆయన పైసా ముట్టలేదు.