నైనితాల్: నాలాలు నిలబెట్టిన ఊరు

వేసవిలో నైనితాల్ వెళ్ళినవాళ్ళు ఫొటో దిగకుండా రాని చోటు 'ఫ్లాట్స్' మైదానం. ఒక పక్క సరస్సు, ఒడ్డునే నైనాదేవి గుడి, మధ్యలో బంతాట ఆడే కుర్రాళ్ళు. చుట్టూ నిట్టనిలువు కొండలే ఉన్న ఊళ్ళో ఇంత చదునైన నేల ఎక్కడి నుంచి వచ్చిందని మాత్రం ఎవరూ పెద్దగా అడగరు. ఇందులో చాలా భాగం కొండమట్టి. 1880 సెప్టెంబరు 18న ఒక్క ఊపున జారి వచ్చి, సరస్సు అంచును పూడ్చేసిన మట్టి అది. దాని కింద 151 మంది ప్రాణాలు పోయాయి.

అప్పటికి ఆ ఊరికి నలభై ఏళ్ళైనా నిండలేదు. స్థానికులకు మాత్రం ఆ తటాకం ఎప్పటి నుంచో పవిత్రం. దక్షయజ్ఞం తర్వాత సతీదేవి కన్ను పడిన చోటు ఇదేనని ఈ కుమావూ కొండ ప్రాంతపు ప్రజల నమ్మకం. దక్షుడి యాగం మన ద్రాక్షారామంలోనే జరిగిందని చెప్పుకునే మనకు ఆ కథ కొత్తేమీ కాదు. కుమావూ కమిషనర్‌గా పనిచేసిన ట్రెయిల్ ఈ సరస్సును ముందే చూశాడనీ, తెల్లవాళ్ళు ఎగబడతారని గుట్టుగా ఉంచాడనీ అంటారు. షాజహాన్‌పూర్ చక్కెర వ్యాపారి బ్యారన్‌కు అలాంటి మొహమాటం లేదు. 1841లో సరస్సును చూశాడు, పత్రికలకు రాశాడు, మరుసటి ఏడు కూలీల చేత కొండ మీదికి ఒక పడవనే మోయించాడు.

ఆ పడవ వెనక ఒక దౌర్జన్యం కథ ఉంది. ఈ కొండలు తనవని నర్‌సింగ్ అనే స్థానిక పెద్ద దావా వేశాడు. బ్యారన్ ఆయన్ను షికారుకని పడవెక్కించి, నట్టనడుమకు తీసుకెళ్ళి, హక్కు వదులుకున్నట్టు సంతకం పెట్టకపోతే నీళ్ళలో తోస్తానన్నాడట. ఈత రాని నర్‌సింగ్ సంతకం పెట్టాడు. నైనితాల్ మొదటి దస్తావేజు పుట్టింది ఇలాగేనని ఊరివాళ్ళు ఇప్పటికీ చెబుతారు.

ఆ తర్వాత బంగళాలు మొలిచాయి. 1862లో వాయవ్య ప్రావిన్సుల వేసవి రాజధాని ఇక్కడికి వచ్చింది. హోటళ్ళు, బళ్ళు, చర్చిలు, క్లబ్బులు వచ్చాయి. కట్టడానికి చోటు కావాలంటే కొండను తవ్వాల్సిందే, చెట్టును కొట్టాల్సిందే. ఇక్కడి కొండలేమో పలకరాయి, సున్నపురాయి పగిలి నలిగిన గుట్టలు. వాన నీరు బయటికి పోయే దారి లేకపోతే లోపలికి ఇంకుతుంది. లోపల నానిన మట్టి బరువెక్కి కిందికి జారుతుంది. 1866లో ఒకసారి, 1879లో మరోసారి కొండ ఈ సంగతి చెప్పింది. ఎవరూ పట్టించుకోలేదు.

1880 సెప్టెంబరు 16న మొదలైన వాన రెండు రోజులకు పైగా తెరిపివ్వలేదు. 18వ తేదీ శనివారం ఉదయం విక్టోరియా హోటల్ వెనకాల కొంత కొండ జారి కొందరు చిక్కుకున్నారు. వాళ్ళను తీయడానికి సిపాయిలు, అధికారులు, కూలీలు పరుగెత్తారు. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక పైనున్న చరియ మొత్తం కదిలింది. క్షణాల్లో హోటల్, దాని కింది దుకాణం, సరస్సు ఒడ్డున ఉన్న పాత నైనాదేవి గుడి, విందు వినోదాల అసెంబ్లీ రూమ్స్ తుడిచిపెట్టుకుపోయాయి. చనిపోయినవాళ్ళలో 43 మంది ఐరోపావాళ్ళు, 108 మంది భారతీయులు. రక్షించడానికి వెళ్ళినవాళ్ళు కూడా ఆ లెక్కలోనే ఉన్నారు.

ఆ రోజుకు పోస్ట్‌మాస్టర్ కార్బెట్ కొడుకు జిమ్ వయసు ఐదేళ్ళు. ఆ ప్రమాదం తర్వాత కుటుంబం సరస్సుకు అవతలి వైపు అయార్‌పాటా కొండ మీద గర్నీ హౌస్ కట్టుకుంది. తర్వాత పులుల వేటగాడిగా, రచయితగా ప్రపంచానికి తెలిసిన జిమ్ కార్బెట్ 1947లో దేశం విడిచే దాకా ఆ ఇల్లు వాళ్ళదే.

ఊరు వదిలిపోదామని ప్రభుత్వం అనుకోలేదు. ఇంజనీర్లను పిలిచి కొండ కొండకూ రాతి కాలువలు కట్టించింది. వాటినే అక్కడ నాలాలు అంటారు. వాన నీటిని మట్టిలోకి ఇంకనివ్వకుండా పట్టి, అంచెలంచెలుగా వేగం తగ్గించి, సరస్సులో వదిలే పద్ధతి అది. బలహీనమైన చరియల మీద కట్టడాలకు అడ్డు చెప్పారు. షేర్ కా డాండా కొండ మీది గవర్నర్ బంగళాను సైతం వదులుకుని, 1890ల చివర్లో వేరే వైపు కొత్తది కట్టుకున్నారు. బొంబాయి విక్టోరియా టెర్మినస్‌ను రూపొందించిన స్టీవెన్స్ గీసిందే ఈ భవనం నమూనా కూడా. తర్వాత అదే రాజ్‌భవన్ అయింది.

దొరలు ఇదంతా కొండ మీది ప్రేమతో చేయలేదు, చావు భయంతో చేశారు. అయినా మేలు మేలే. 1898లో దిగువన బల్లియా నాలా వైపు బీరు కర్మాగారం దగ్గర కొండ జారి మళ్ళీ ప్రాణాలు తీసింది కానీ, ఊరి నడిబొడ్డున 1880 లాంటిది మరొకటి జరగలేదు.

1884లో కాఠ్‌గోదామ్ దాకా రైలు, ఆ తర్వాత మోటారు రోడ్డు రావడంతో దొరల ఊరు మెల్లగా అందరి ఊరైంది. 2000లో ఉత్తరాఖండ్ హైకోర్టు కూడా ఇక్కడే కొలువుదీరింది. జనం పెరిగేకొద్దీ పాత భయం తగ్గింది. నాలాల్లో ఇసుక, ఇటుక, చెత్త చేరాయి. మురుగు సరస్సులో కలిసింది. చివరికి అజయ్ సింగ్ రావత్ అనే చరిత్రకారుడే సుప్రీంకోర్టు గడప ఎక్కాడు. మురుగు సరస్సులోకి రాకూడదు, నాలాల మీద నిర్మాణ సామగ్రి పోయకూడదు, బహుళ అంతస్తుల సముదాయాలు కట్టకూడదు అని 1995లో కోర్టు చెప్పింది. మురుగుతో పాడైన సరస్సులోకి గాలి పంపే యంత్రాలు 2007లో పని మొదలుపెట్టాయి. 2018 ఆగస్టులో సరస్సు ఒడ్డున ఉన్న దిగువ మాల్ రోడ్డు ముక్క ఒకటి విరిగి సరస్సులో పడింది.

నైనితాల్ సరస్సుకు ఊటనీరు పంపే సూఖాతాల్ అనే చెరువు అంచుల దాకా నేడు ఇళ్ళు వచ్చేశాయి. కొండ మారలేదు, వాన మారలేదు. మారింది మన జాగ్రత్తే. ఈ వేసవిలో అక్కడికి వెళ్ళే తెలుగు యాత్రికులకు ఒక్క మనవి: మాల్ రోడ్డు మీద నడిచేటప్పుడు రోడ్డు కింది నుంచి సరస్సులోకి దిగే రాతి నాలాలను ఒకసారి చూడండి. వాటిలో నీళ్ళసీసా గానీ, చిప్స్ పొట్లం గానీ వేయకండి. ఆ ఊరి ప్రాణం వాటిలోనే ఉంది.