భిక్నూర్ దాకా రాని ఫుట్‌బాల్

2025–26 సీజన్ ఇండియన్ సూపర్ లీగ్ పట్టికలో హైదరాబాద్ పేరు లేదు. 2022లో కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025 అక్టోబర్‌లో ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. అసలు లీగే కుంటుతూ నడిచిన ఏడాది అది. ఫెడరేషన్‌కూ లీగు నడిపే సంస్థకూ మధ్య ఒప్పందం గడువు దగ్గరపడి, కొత్తది కుదరక, మామూలుగా సెప్టెంబర్, అక్టోబర్ ప్రాంతంలో మొదలయ్యే పోటీలు 2026 ఫిబ్రవరికి వాయిదా పడ్డాయి. దేశానికి ఫుట్‌బాల్ నేర్పిన నగరానికి ఈ గతి పట్టిందేమిటని అభిమానులు వాపోతున్నారు. బాధపడడంలో తప్పు లేదు. అయితే ఆ బాధ వెనక చెప్పుకుంటున్న చరిత్ర సగమే. జాతీయ రహదారి 44 మీద హైదరాబాద్ నుంచి ఉత్తరంగా సుమారు వంద కిలోమీటర్లు వస్తే భిక్నూర్ తగులుతుంది. సిద్దరామేశ్వరుడి గుడికి పేరుపడిన ఊరు, తెలంగాణ యూనివర్సిటీ సౌత్ క్యాంపస్ ఉన్న ఊరు. ఈ మండలం మీదుగా పోయే రైలు మార్గానికి వందేళ్లు దాటాయి. అయినా ఇటువైపు పల్లెల్లో కబడ్డీ, వాలీబాల్, తర్వాత క్రికెట్ నిలదొక్కుకున్నట్టు ఫుట్‌బాల్ నిలదొక్కుకోలేదు. మన స్వర్ణయుగం ఈ వంద కిలోమీటర్లు ఎందుకు దాటలేకపోయిందని అడిగితే, ఇప్పటి ఖాళీకి కారణం చాలా వెనక్కి, ఆ వైభవపు రోజుల్లోకే పోతుంది.

ఆ వైభవం కట్టుకథేమీ కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. డ్యూరాండ్ కప్ 1950, 1954, 1957లలో ఇంటికి తెచ్చింది. 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతో మళ్లీ గెలిచింది. సంతోష్ ట్రోఫీ 1956–57లోనూ ఆ మరుసటి ఏడూ హైదరాబాద్‌దే. ఈ విజయాల వెనక ఉన్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం, వృత్తికి బడిపంతులు. 1943 నుంచి చనిపోయేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. బంతిని కాళ్ల దగ్గరే ఆడించుకుంటూ పోకుండా వెంటనే పక్కవాడికి అందించాలనే నియమంతో పోటీలు పెట్టారు. కుడికాలి వాటం వాళ్లు ఎడమకాలితోనే కొట్టాలని పెట్టిన పోటీలూ ఉన్నాయి. భారత జట్టు 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణాలు గెలిచిందీ, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచిందీ ఆయన శిక్షణలోనే. తులసీదాస్ బలరాం, పీటర్ తంగరాజ్, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, యూసుఫ్ ఖాన్... ఈ పేర్ల వరస చిన్నది కాదు.

ఆ పేర్లన్నీ ఎక్కడివో చూడండి. బలరాం సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడ. మిగతావాళ్లలోనూ ఎక్కువమంది జంటనగరాల గల్లీల వాళ్లే. బ్రిటిష్ పటాలాలు దిగిన కంటోన్మెంటు, ఫతే మైదాన్, రహీం సాబ్ పాఠాలు చెప్పిన బడులు, అన్నీ కొద్ది మైళ్లలో సర్దుకునేవి. ఈ ఆటకు తిండి పెట్టింది పోలీసు శాఖ. బంతి బాగా ఆడినవాడికి నౌకరీ దొరికేది, నౌకరీ ఉంటే పొద్దునా సాయంత్రం ప్రాక్టీసు సాగేది. టికెట్ల మీదో చందాల మీదో బతికే క్లబ్బుకు ఈ నిలకడ ఉండదు. ఐదేళ్లు వరసగా ఒకే కప్పు గెలవడం వెనక రహీం సాబ్ తెలివి ఎంతుందో, నెల జీతం భరోసా కూడా అంతే ఉందని నా లెక్క. బలహీనతా అక్కడే ఉంది. శాఖకు కావలసింది పదకొండు మంది మొనగాళ్లు. అప్పట్లో భిక్నూర్ ఉన్న నిజామాబాద్ జిల్లా తాలూకాల్లో లీగు నడపడం దాని పని కాదు. వెతకబోతే నగరంలోనే సరిపడా దొరికినప్పుడు రైలెక్కి కామారెడ్డి దాకా వచ్చి పోరగాళ్లను చూసే అవసరం ఎవరికీ పడలేదు.

ఫుట్‌బాల్‌ను క్రికెట్ మింగేసిందని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. 1983 ప్రపంచకప్ తర్వాత బ్యాటు పట్టని పిల్లవాడు లేడన్నది నిజమే. మరి కలకత్తా ఆ ప్రపంచకప్‌ను చూడలేదా? మలప్పురం చూడలేదా? గోవా? క్రికెట్ అన్నిచోట్లా ఒకేలా వచ్చింది. ఫుట్‌బాల్ మాత్రం వేళ్లు పైపైనే ఉన్నచోట కూలింది. పైగా హైదరాబాద్ జోరు తగ్గడం 1983 కంటే చాలా ముందే మొదలైంది. ఆంధ్రప్రదేశ్ పేరుతో సంతోష్ ట్రోఫీ గెలిచిన ఆఖరి సీజన్ 1965–66.

దీనికంటే బరువైన వాదన మరొకటి ఉంది. 1963 జూన్‌లో రహీం సాబ్ క్యాన్సర్‌తో పోయారు, ఆయనతోపాటే విద్యా పోయిందన్నది. ఇందులో కొంత సత్యం లేకపోలేదు. కానీ ఆటగాళ్లు పుట్టడం ఆగలేదు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ హైదరాబాదీ. 1977లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ మీద ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టిన మహమ్మద్ హబీబ్ హైదరాబాదీ. షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ ఆ తర్వాతి తరం. విద్య పోయి ఉంటే వీళ్లు ఎక్కడి నుంచి వచ్చారు? వీళ్లందరికీ పేరొచ్చింది మాత్రం కలకత్తా జెర్సీల్లో. పోలీసు నౌకరీ ఇవ్వగలిగినదానికంటే కలకత్తా క్లబ్బులు ఎక్కువ ఇచ్చాయి, జనమూ అక్కడే ఎక్కువ. పైవాళ్లు వెళ్లిపోతే కింది నుంచి నింపడానికి జిల్లాల్లో వరసలు లేవు.

పల్లెల్లో ఫుట్‌బాల్‌కు చోటెక్కడిదని ఎవరైనా అడగవచ్చు. అది తీసిపారేయదగ్గ ప్రశ్న కాదు. పూర్తి మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు, అంటే ఎకరంన్నర దాటుతుంది. 2022లో ఊరూరా మొదలుపెట్టిన తెలంగాణ క్రీడా ప్రాంగణాలకు అనుకున్న స్థలమే దాదాపు ఎకరం. అందులో వాలీబాల్, కబడ్డీ, ఖోఖో కోర్టులు గీశారు. మన సర్కారు ఊహలోనే పల్లెకు ఫుట్‌బాల్ లేదన్నమాట. కేరళలోని మలబారు ఈ చిక్కును ఎప్పుడో విప్పుకుంది. అక్కడ పదకొండు మందికి బదులు ఏడుగురితో ఆడతారు, చిన్న స్థలం సరిపోతుంది. కోత అయిపోయిన వరిమళ్లలో పెరిగిన ఆట అది. ఇప్పుడు వెదురు గ్యాలరీలు కట్టి, లైట్లు వేసి, టికెట్టు పెట్టి ఆడిస్తారు. ఆఫ్రికా నుంచి ఆటగాళ్లను కూడా రప్పించుకుంటారు. వానకాలం పంట ఎత్తిన మళ్లు భిక్నూర్ పక్కనా ఉన్నాయి. బోర్లు పడ్డాక యాసంగి నాట్ల తొందరలో ఆ ఖాళీ మునుపటంత ఉండట్లేదన్నది ఒప్పుకోవాల్సిందే. అయినా ఏడుగురి ఆటకు కావలసిన జాగా బడి ఆవరణలోనూ దొరుకుతుంది. జాగా కన్నా కరువైంది ఆడించే సంఘం.

ఇక మళ్లీ మన క్లబ్బు. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి కప్పు ఎత్తింది. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. ఆ రాత్రి గొప్పదే. కాకపోతే కోవిడ్ మూలంగా ఆ సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది. ఆ ఏడు సొంత స్టేడియం గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా హైదరాబాద్ ఛాంపియన్ అయింది! కొద్దికాలానికే జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా నిషేధాలు. యజమాని మారాడు, తర్వాత ఊరే మారింది. 1950లలో శాఖ మీద, ఇప్పుడు పెట్టుబడిదారు మీద. రెండుసార్లూ పైవాడి మీదే ఆధారపడ్డాం. తేడా ఏమిటంటే శాఖ ఊరు వదిలిపోలేదు. ఐ–లీగ్‌లో రెండేళ్లు వరసగా రెండో స్థానంలో నిలిచిన శ్రీనిధి డెక్కన్‌కు అజీజ్‌నగర్‌లో సొంత మైదానం ఉంది కాబట్టి దాని సంగతి కొంత నయం. కానీ అదీ నగరపు అంచే.

పెద్ద పోటీలు తెప్పిస్తే ఆట పెరుగుతుందని మరో నమ్మకం. 2024 డిసెంబర్ 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ గచ్చిబౌలిలోనే జరిగింది. ఆడింది పశ్చిమ బెంగాల్, కేరళ. గెలిపించిన ఒకే ఒక్క గోల్ కొట్టిన రాబీ హన్స్‌దా తూర్పు బర్ధమాన్ జిల్లాలోని పల్లెటూరి కుర్రాడు. స్టేడియం మనది, పల్లెలు వాళ్లవి.

నిజామాబాద్ జిల్లా అంత గొడ్డుబోలేదు, గుగులోత్ సౌమ్య లేదా అని అడిగితే, ఉంది. 2016 అక్టోబర్ దాకా భిక్నూర్ కూడా భాగంగా ఉన్న ఆ పాత జిల్లా బిడ్డే ఆమె. క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్‌కు వెళ్లి వచ్చింది, భారత జట్టుకు ఆడుతోంది, 2024–25కు దేశంలో ఉత్తమ మహిళా క్రీడాకారిణిగా ఫెడరేషన్ అవార్డు అందుకుంది. జిల్లాల్లో కాళ్లు లేవన్న వాదనకు ఆమె ఒక్కతే చాలు. అయితే ఆ ఏడాది ఆమె మహిళల లీగ్ గెలిచింది ఈస్ట్ బెంగాల్ తరఫున. 1957లో బలరాం, 1966లో హబీబ్ చేరింది కూడా ఆ క్లబ్బులోనే.