ఎద్దు పళ్ళు, కారు పుట్టిన నెల

పశువుల సంతలో ఎద్దుని కొనేవాడు ముందు దాని నోరు తెరిపించి చూస్తాడు. రెండు పళ్ళా, నాలుగా, ఆరా? అమ్మేవాడు వయసు ఎంతని చెప్పినా సరే, పళ్ళు లెక్కపెట్టాకే మాట. ఆ తర్వాత సుళ్ళు, గిట్టలు, మూపురం. కాడి కట్టి నాలుగడుగులు నడిపిస్తాడు. ధర దగ్గరికొచ్చేసరికి నోళ్ళు మూతబడతాయి. దళారి తువ్వాలు కప్పుతాడు, దాని కింద వేళ్ళు పట్టుకుని అంకె తేల్చుకుంటారు. కుదిరితే బయానా. పుంగనూరు, పలమనేరు, మదనపల్లె వైపు రైతు కుటుంబాల్లో తరాలుగా ఉన్న చదువు ఇది. 70 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తుండే పుంగనూరు పొట్టి ఆవు ఇవాళ లక్షల్లో పలుకుతోంది. దాన్ని కొనేవాళ్ళు కూడా తల నుంచి తోక దాకా చూసుకునే కొంటారు.

అదే మనిషి కార్ల షోరూమ్‌లోకి వెళ్తే, చూపించిన చోటల్లా సంతకం పెట్టి ఎందుకొచ్చేస్తాడు? ఏసీ, అద్దాలు, ఇంగ్లీషు కాగితాలు అని చెప్పొచ్చు. అవీ ఉన్నాయి. కానీ నాకు తోచే కారణం ఇంకాస్త పాతది. మధ్యలో ఓ ముప్ఫై ఏళ్ళకు పైగా ఈ దేశంలో కారు కొనడమంటే క్యూలో నిలబడటం.

స్వాతంత్ర్యం వచ్చాక చాలాకాలం మన రోడ్ల మీద కార్లంటే ముఖ్యంగా మూడు పేర్లే. కలకత్తా వైపు నుంచి అంబాసిడర్, బొంబాయి నుంచి ఫియట్, మద్రాసు నుంచి స్టాండర్డ్ హెరాల్డ్. ఎన్ని బళ్ళు తయారు చెయ్యాలో లైసెన్సు చెప్పేది. 1959లో కార్ల పంపిణీ, అమ్మకాల మీద కేంద్రం నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. డీలరు దగ్గర పేరు రాయించుకోవాలి, వంతు కోసం ఏళ్ళ తరబడి చూడాలి. వంతు వచ్చినవాడు అదృష్టవంతుడు. అలాంటివాడు తలుపు సరిగ్గా పడుతోందా, లోపల గీత పడిందా అని అడుగుతాడా? ఏ రంగు వస్తే ఆ రంగు. ఆగలేనివాళ్ళు అసలు ధర మీద ఇంకొంత చేతికిచ్చేవాళ్ళు. రసీదు లేని డబ్బుకి మనం అలవాటు పడింది అక్కడే.

మారుతి వచ్చాక కూడా ఈ అలవాటు వెంటనే పోలేదు. 1983లో 10,000 రూపాయలు కట్టి లక్షమందికి పైగా బుక్ చేసుకున్నారు, ఇంకా రోడ్డెక్కని కారు కోసం! ఎవరికి ముందో లాటరీ తేల్చింది. ఆ ఏడాది డిసెంబర్ 14న ఇందిరాగాంధీ మొదటి తాళాలు అందించారు. 1993లో కార్ల తయారీకి లైసెన్సు అక్కర్లేదన్నారు. క్యూ అటు తిరిగింది. ఇప్పుడు కంపెనీలే మన వెంట పడుతున్నాయి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి, అంటే ఫ్యాక్టరీ కూడా సీమలోకే వచ్చేసింది. మన తీరు మాత్రం వంతు వచ్చిన మనిషి తీరే.

దీని ఖరీదు చిన్నది కాదు. 2023 జూలై చివర్లో మదనపల్లె మార్కెట్లో కిలో టమాటా 200 రూపాయల దాకా వెళ్ళింది. అలాంటి సీజను మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలీదు, టమాటాలు రోడ్డు మీద పారబోసిన ఏళ్ళూ ఉన్నాయి. అట్లా వచ్చిన డబ్బులో యాభై వేలు సీటు కవర్లకీ, పేరు తెలియని చార్జీలకీ పోతే, అది ఒక పంట పెట్టుబడిలో ముక్క.

అందుకే సంత పద్ధతి. పళ్ళు చూడటమంటే ఇక్కడ తయారైన నెల చూడటం. డీలరిచ్చే అమ్మకపు ధ్రువపత్రం, ఫారం 21, అందులో తయారీ నెల, సంవత్సరం ఉంటాయి. డిసెంబర్లో తయారైన బండిని జనవరిలో కొంటే చేతికొచ్చేనాటికే కాగితం మీద అది నిరుటిది, అమ్మేరోజున ధర అట్లాగే కడతారు. దానికి తగ్గింపు ఇస్తే నిరభ్యంతరంగా తీసుకోండి, ఇవ్వకపోతే వేరే బండి అడగండి. ఆషాఢంలో మనవాళ్ళు కొత్త బండి కొనరు కాబట్టి అప్పుడు బేరానికి బలం ఎక్కువ. ముహూర్తం పట్టింపు లేనివాళ్ళకి ఇంతకంటే మంచి ముహూర్తం లేదు.

మీకిచ్చే బండినే, రిజిస్ట్రేషన్‌కి ముందే, పగటి వెలుగులో చూడండి. ఛాసిస్ నంబరు రాసుకోండి. చాలామంది నిమ్మకాయలు తొక్కించే రోజునే బండిని మొదటిసారి చూస్తారు. అప్పటికి అది వాళ్ళ పేరున ఉంటుంది, గీత కనబడినా చేసేదేమీ లేదు.

ఇక తువ్వాలు తీసేయించాలి. ఆన్‌రోడ్ ధర అని ఒకే అంకె చెబితే ఒప్పుకోకుండా విడివిడిగా రాసిమ్మనండి. షోరూమ్ ధర, లైఫ్ ట్యాక్స్, బీమా, ఫాస్టాగ్. మిగతావన్నీ అడిగి తేల్చుకోవాల్సినవే. హ్యాండ్లింగ్ చార్జీ అనేది ఏ చట్టమూ మిమ్మల్ని అడగని డబ్బు. బీమా డీలరు దగ్గరే తీసుకోవాలని లేదు. బీమా నియంత్రణ సంస్థ 2017లోనే డీలర్లకి మార్గదర్శకాలు పెట్టింది. బయట ఒక కొటేషన్ తెచ్చి బల్ల మీద పెడితే లోపలి ధర దానంతట అదే దిగుతుంది. మూడేళ్ళ థర్డ్ పార్టీ బీమా మాత్రం 2018 సెప్టెంబర్ నుంచి కొత్త కార్లకి తప్పనిసరి. 2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్ల లోపు, 1200 సీసీ లోపు పెట్రోలు కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, సెస్సూ పోయింది. పాత ధరల కాగితం ఎవరైనా చూపిస్తే గుర్తుంచుకోండి. పది లక్షలు దాటిన కారు మీద 1 శాతం ఆదాయపన్ను కింద వసూలు చేస్తారు. వ్యవసాయం తప్ప వేరే రాబడి లేని రైతు రిటర్న్ వేసి దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. షోరూమ్‌లో ఈ ముక్క తమంతట తాము చెప్పేవాళ్ళు అరుదు.

కుప్పం వాళ్ళకి ఇంకో చిక్కుంది. ఒక పక్క కర్ణాటక, ఇంకో పక్క తమిళనాడు. వీధిలో ఏపీ 03 పక్కనే కేజీఎఫ్ కేఏ 08, కృష్ణగిరి టీఎన్ 24 బళ్ళు కనిపిస్తాయి. బెంగళూరులో షోరూమ్‌లు ఎక్కువ, పోటీ ఎక్కువ, తగ్గింపూ ఎక్కువే దొరకొచ్చు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక రాష్ట్రానికో అమ్మకపు పన్ను అనే తేడా పోయింది, కానీ లైఫ్ ట్యాక్స్ ఇంకా రాష్ట్రానిదే. బెంగళూరులో బంధువుల చిరునామా మీద కేఏ నంబరు వేయించుకుని కుప్పంలో తిప్పితే, పన్నెండు నెలలు దాటాక చట్టప్రకారం ఇక్కడి నంబరు తీసుకోవాలి. అంటే అక్కడి నుంచి నిరభ్యంతర పత్రం, ఇక్కడ మళ్ళీ లైఫ్ ట్యాక్స్, అక్కడ కట్టినదాంట్లో మిగిలింది తెచ్చుకోడానికి ఆఫీసుల చుట్టూ తిరుగుడు. ధర బాగుందని అక్కడ కొంటే తప్పులేదు. తాత్కాలిక రిజిస్ట్రేషన్ మాత్రమే చేయించుకుని, కాగితాలన్నీ తెచ్చుకుని, గడువు దాటకముందే ఇక్కడి నంబరు వేయించుకోండి.