ఒకే బోనస్, వేర్వేరు ఖర్చులు: వ్యయంపై వ్యక్తిత్వ ప్రభావం

దుర్గాపూజకు ముందు జంషెడ్‌పూర్‌లోని టెల్కో కాలనీలో ప్రధాన చర్చ బోనస్ గురించే. 1945లో ఏర్పడిన టెల్కో సంస్థ 2003లో టాటా మోటార్స్‌గా పేరు మార్చుకుంది. కాలనీకి మాత్రం పాత పేరే మిగిలింది. ఒకే హోదా, ఒకే జీతం గల ఇద్దరు కార్మికుల్లో ఒకరు ఆ సొమ్ముతో బంధువులందరికీ కొత్త బట్టలు కొంటారు, మరొకరు బ్యాంకులో డిపాజిట్ చేస్తారు. అప్పులు, పిల్లల చదువులు ఇందుకు కొంత కారణం. తక్కినది స్వభావం.

మనస్తత్వ శాస్త్రవేత్తల పరిశీలన ప్రకారం క్రమశిక్షణ అధికంగా ఉన్నవారు సాధారణంగా పొదుపు వైపు, బహిర్ముఖులు విందు వినోదాల వైపు మొగ్గు చూపుతారు. అయితే ఖర్చు చేయనివారందరూ ఒకే తీరువారు కారు. స్కాట్ రిక్, సింథియా క్రైడర్, జార్జ్ లోవెన్‌స్టీన్ 2008లో ప్రచురించిన అధ్యయనం పొదుపరికీ పిసినారికీ గల భేదాన్ని చూపింది. పొదుపరికి దాచుకోవడంలో సంతోషం ఉంటుంది. పిసినారికి చెల్లించే క్షణాన బాధ కలుగుతుంది. ఆ బాధ వల్ల, అవసరమని తెలిసిన వస్తువును సైతం కొనకుండా వెనుదిరుగుతారు. సాక్చీ, బిష్టుపూర్ బజార్లలో పండుగ రద్దీ నడుమ ఇద్దరూ ఖాళీ చేతులతోనే కనిపించవచ్చు. చూసేవారికి తేడా తెలియదు.

బ్రిటన్‌లో 625 మంది ఖాతాదారుల 76,000కు పైగా లావాదేవీలను విశ్లేషించిన 2016 నాటి పరిశోధన, స్వభావానికి తగినట్లు ఖర్చు చేసినవారిలో జీవన సంతృప్తి ఎక్కువని తేల్చింది. అనంతర ప్రయోగంలో కొందరికి పుస్తకాల దుకాణం కూపన్లు, మరికొందరికి బార్ కూపన్లు ఇచ్చారు. ఉచితంగా వచ్చినదే అయినా, బార్‌లో ఖర్చు చేయవలసి వచ్చిన అంతర్ముఖులకు ఆ సొమ్ము అంతగా ఆనందమివ్వలేదు.