కుడికాలువ, కుడిమరామత్తు

ఎండలు ముదిరి, ఇవాళో రేపో తొలకరి అనేసరికి మా అమ్మ పెరట్లో నీళ్ళ తొట్టి తోడించి అడుగంతా కొబ్బరిపీచుతో తోమేది. ఏడాదికోసారి జరిగే ఆ ఉత్సవంలో పిల్లలందరం కూలీలమే. అరుగు మీద కూర్చుని చూసే మా అమ్మమ్మ మాత్రం నవ్వేది.

"ఇదీ ఒక పనేనంటే? మేం ఏరే కడిగినోళ్ళం!"

మాకు భలే నవ్వొచ్చేది. "ఏరుని ఏ నీళ్ళతో కడిగారు అమ్మమ్మా?" అని ఆట పట్టించేవాళ్ళం. ఆవిడది కారెంపూడి దగ్గర పల్లెటూరు. ఆవిడ దృష్టిలో ఏరంటే నాగులేరు ఒక్కటే. కృష్ణ పెద్దమనిషి, దండం పెట్టుకోవాలంతే.

ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకి, ఒక నవల కోసం పల్నాటి సంగతులు ఏరుకుంటూ గ్రంథాలయాల్లో దుమ్ము మింగుతున్నప్పుడు, అమ్మమ్మ చెప్పిన పనికి చరిత్రలో ఒక పేరుందని తెలిసింది. కుడిమరామత్తు. కుడి అంటే కుడిచెయ్యి కాదండీ. సాగు చేసుకునే రైతు. మరామత్తు అంటే బాగుచేత. ఊరి చెరువునీ, దానికి నీళ్ళు తెచ్చే వాగునీ, పొలాలకి తీసుకుపోయే కాలవనీ ఏటా వానలకు ముందు ఊరివాళ్ళే శుభ్రం చేసుకోవాలనే ఆచారం అది.

అమ్మమ్మ చెప్పిన ప్రకారం సాయంత్రం దండోరా పడేది. తెల్లారేసరికి ఇంటికొకరు చొప్పున గట్టుమీద ఉండాలి. మగవాళ్ళు పలుగూ పారా పట్టి పూడిక తవ్వితే, ఆడవాళ్ళు తట్టలకెత్తి మోసేవాళ్ళు. వాగులో మొలిచిన తుమ్మమొక్కలు కొట్టెయ్యడం, తూము నోట్లో చెత్త లాగెయ్యడం, కట్టమీద బండ్ల చక్రాలు చేసిన గాళ్ళు పూడ్చడం, అన్నీ ఆ నాలుగు రోజుల్లోనే. తవ్విన ఒండ్రు చేలకి తోలుకుంటే అదే ఎరువు. మధ్యాహ్నం జొన్నసంకటీ, మజ్జిగా, ఉల్లిపాయా. దాహమేస్తే ఏట్లో ఇసక తోడి చెలమనీళ్ళు.

"మీ పెద్దమామయ్య కడుపులో ఉన్నప్పుడు కూడా మోశానే. ఇంటికొకరంటే ఇంటికొకరే" అనేది అమ్మమ్మ.

"మరి పెద్దవాళ్ళ ఇళ్ళ నుంచి ఎవరొచ్చేవాళ్ళు?"

"పాలేరొచ్చేవాడు."

ఈ ఒక్క మాట చాలదూ? పూర్వకాలంలో అందరూ అన్నదమ్ముల్లా కలిసి పనిచేశారని మనం మురిసిపోతూ ఉంటాం. కలిసి చేసిన మాట నిజమే. కానీ ఆ తట్ట అందరి నెత్తిమీదా ఒకే బరువుతో లేదు.

దొరలు ఈ ఆచారాన్ని చట్టం కూడా చేశారు. 1858లో మద్రాసు ప్రభుత్వం తెచ్చిన చట్టం ప్రకారం, చెరువుకట్టకి గండిపడే ప్రమాదం వస్తే కూలిపని చేసుకునే వర్గాల వాళ్ళు పిలవగానే వచ్చి తీరాలి. ఆచారంగా చెయ్యవలసిన పనికి రానివాళ్ళు ఆ పని విలువకి రెట్టింపు చెల్లించాలి. పెద్దలు చెప్పారని చేసే పనికీ, జరిమానాకి జడిసి చేసే పనికీ తేడా ఆడవాళ్ళకి వేరే చెప్పాలా? శిస్తు సర్కారు పట్టుకుపోతుంటే చెరువు మాత్రం మేం ఎందుకు తవ్వాలని జనం అనుకున్నారు. చట్టం ఉంది గానీ ఆచారం అడుగంటుతూ వచ్చింది.

అశ్రద్ధకి, కరువుకి దగ్గర చుట్టరికం. 1832–33 నందన కరువు గుంటూరు సీమని ఊడ్చేసింది. రమారమి మూడోవంతు జనం పోయారని చెబుతారు. అటు తర్వాత 1852–55 మధ్య బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట కట్టారు. డెల్టా పచ్చబడింది. మెట్టమీద ఉన్న పల్నాడు మాత్రం పక్కనే కృష్ణ పారుతున్నా గుక్కెడు నీళ్ళకి చూస్తూనే ఉండిపోయింది. అందుకే ఇక్కడ చెరువు పూడితే బతుకు పూడినట్టే.

చెరువుల గొప్ప తెలియాలంటే కడప జిల్లా పోరుమామిళ్ళ శాసనం చూడాలి. 1369 నాటిది. మంచి చెరువుకి ఉండవలసిన పన్నెండు లక్షణాలూ, ఉండకూడని ఆరు దోషాలూ పెళ్ళిసంబంధం చూసినట్టు చెప్పారందులో. ఆ చెరువు తవ్వడానికి రోజుకి వెయ్యిమంది చొప్పున రెండేళ్ళు పట్టిందనీ, రాళ్ళు తోలడానికి నూరు బళ్ళు పనిచేశాయనీ ఉంది. కట్టించిన రాజకుమారుడి పేరు ఉంది. ఆ వెయ్యిమందిలో ఒక్కరి పేరు లేదు. అందులో కడుపుతో ఉండి తట్ట మోసిన తల్లి ఎవరో!

1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలవలకి నీళ్ళు వదిలారు. కుడికాలువ పల్నాటిలోకి వచ్చింది. నీళ్ళు చూసి అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో కాలవకి పసుపూ కుంకుమా వేసి కొబ్బరికాయ కొట్టారట. ఆ సంతోషాన్ని నేను తక్కువ చెయ్యను. జొన్నసంకటి తిన్న ఇళ్ళలో వరన్నం ఉడికింది. కానీ కుడికాలువ వచ్చింది, కుడిమరామత్తు పోయింది. నీళ్ళు పంపేది సర్కారు కనక పూడిక తీసేదీ సర్కారే అనుకున్నాం. ఊరి చెరువు ఎవరిదీ కాకుండా పోయింది.

ఆ పొరపాటు గుర్తించే 1997లో ఆంధ్రప్రదేశ్‌లో రైతుల యాజమాన్య చట్టం తెచ్చి, కాలవలకీ చెరువులకీ నీటిసంఘాలు పెట్టారు. మంచి ఆలోచనే. అయితే ఓటు మాత్రం భూమి లెక్కల్లో పేరున్నవాళ్ళకే. తట్ట మోసిన ఆడవాళ్ళలో పట్టా ఎందరి పేరున ఉంది చెప్పండి? మా అమ్మమ్మ ఉండి ఉంటే, ఏరు కడిగిన మనిషికి ఏటి సంఘంలో ఓటుండేది కాదు.

జనం తల్చుకుంటే ఏరు తిరిగొస్తుందనడానికి రాజస్థాన్‌లో సాక్ష్యం ఉంది. ఆల్వార్ జిల్లాలో 1985 నుంచి తరుణ్ భారత్ సంఘ్‌తో కలిసి పల్లెవాళ్ళు వానకి ముందు మట్టికట్టలు వేసుకుంటూ వచ్చారు. పదేళ్ళు తిరిగేసరికి ఎండిపోయిన అర్వరీ నది మళ్ళీ పారింది. 1999లో దాని ఒడ్డున ఉన్న సుమారు డెబ్భై ఊళ్ళు కలిసి ఏటికొక పార్లమెంటు పెట్టుకున్నాయి. అక్కడ దొరల చట్టం లేదు.

కారెంపూడిలో కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు వీరుల తిరునాళ్ళు జరుగుతాయి. వీరుల ఆయుధాలకి నాగులేటి గంగధారి మడుగులో స్నానం చేయిస్తారు. మొన్న వెళ్ళినప్పుడు నేనూ గట్టుమీద నిలబడ్డాను. ఎనిమిది వందల ఏళ్ళనాటి కత్తుల్ని ఇంత భక్తిగా కడిగే జనానికి, ఆ కత్తుల్ని కడిగే నీటిని కడగడం కష్టమా అనిపించింది. బ్రహ్మనాయుడు అందర్నీ ఒకే చాపమీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడని గొప్పగా చెప్పుకునే నేల ఇది. కూడు ఒకే చాపమీద తిన్నవాళ్ళం, తట్ట కూడా ఒకే గట్టుమీద ఎత్తుకోగలిగితే, పాలేరుని పంపకుండా మనమే వెళ్ళగలిగితే, అది అసలైన కుడిమరామత్తు.

ఇప్పుడు మా ఇంట్లో తొట్టి లేదు. మేడమీద ప్లాస్టిక్ ట్యాంకు. మొన్న వేసవిలో మా అమ్మాయి చేతికి కొబ్బరిపీచు ఇచ్చి పైకి ఎక్కించాను. "ఇదేం పనమ్మా!" అని సణిగింది.

"మీ ముత్తవ్వ ఏరే కడిగిందే" అన్నాను.

అదీ నవ్వింది. నవ్వనివ్వండి. నేనూ నవ్విన దాన్నేగా!