మొబ్బైతే వాకిలి వేయాల: గుమ్మళాపురం చిరత కాలం మాట

హొసూరు, దేన్కనికోట, తళి పక్క ఉండే మన తెలుగు ఇండ్లలో ఒక మాట అందరూ వినే ఉంటారు: "మొబ్బైంది, ఒంటిగా పోవద్దు." చిన్నప్పుడు మేము ఇది దయ్యాల భయం అనుకున్నాం. మా జేజి మాత్రం దయ్యం పేరు ఎత్తేది కాదు, చిరత పేరే ఎత్తేది.

ఆ చిరత కథ బయటి లోకానికి తెలిసింది బెంగళూరు వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ (1910-1974) రాతల వల్ల. 1954లో అచ్చయిన ఆయన మొదటి పుస్తకంలో గుమ్మళాపురం చిరత, జవళగిరి ఆడపులి రెండూ ఉన్నాయి. రెండూ మన పక్క ఊళ్లే. అప్పుడిదంతా సేలం జిల్లా. కృష్ణగిరి జిల్లా అయింది 2004లోనే.

ఆ చిరత 42 మందిని చంపిందని ఆండర్సన్ రాసినాడు. పొద్దు గూకితే ఊళ్లకి ఊళ్లే తలుపులు బిగించుకున్నాయి. గట్టి తలుపు, గట్టి గోడ లేని బీదల గుడిసెల్లోకే అది దూరేది. అంటే ప్రాణానికి కాపు ధైర్యం ఒక్కటే కాదు, ఇంటి గోడ కూడా. ఈ సంగతి మన కథల్లో ఎవరూ చెప్పరు.

చంపినాక చూస్తే దాని ముందుకాలి వేళ్ల మధ్య ఏదుపంది ముళ్లు విరిగి ఉన్నాయట. కుంటిదైన మృగం అడవి జంతువుని పట్టలేక మనిషి మీదికి వచ్చిందన్నమాట. ఆ రాత్రుల్లో ఆండర్సన్‌కి ముందుగా వాసన పట్టి గురగురమన్నది ఊళ్లో దొరికిన ఒక ఆకలి కుక్కపిల్ల. దానికి ఆయన నిప్పర్ అని పేరు పెట్టి సాకినాడు.

ఇది చదివినాక జేజి మాటలు మళ్లీ తలచుకున్నాం. "పిల్లోళ్లని నడుమ పెట్టుకొని నడవండి" అనేది. చిరత చిన్న ఆకారాన్నే ఎంచుకుంటుంది. "చీకట్లో బయలుకి పోయేటప్పుడు లాందరు, తోడు ఉండాల" అనేది. వంగి కూర్చున్న మనిషి దాని కంటికి చిన్న జంతువే. "కోడి బొచ్చు, ఎముకలు ఇంటి పక్క పారేయొద్దు" అనేది. వాటికి కుక్కలు చేరతాయి, కుక్కల కోసం చిరత వస్తుంది. అందుకే మా ఇంట్లో రాత్రి కుక్కని కూడా లోపలే కట్టేవాళ్లు. ఎదురుపడితే పరుగెత్తకుండా, నిలువుగా నిలబడి, గట్టిగా అరుస్తూ మెల్లగా వెనక్కి జరగాల.

తమిళనాట చాలా చోట్ల పులితో పోరాడి చచ్చిపోయినవాళ్లకి నిలిపిన వీరగల్లులు ఉన్నాయి. వాటిని పులికుత్తి కల్ అంటారు. పోరాడినవాడికి రాయి నిలిచింది. వేళకి తలుపేసి పిల్లల్ని బతికించుకున్న ఆడవాళ్లకి ఏ రాయీ లేదు. వాళ్లకి మిగిలింది ఆ మాటలే.

ఇప్పుడు మన పిల్లలు ఇంట్లో తమిళమో కన్నడమో ఇంగ్లీషో మాట్లాడుతున్నారు. "మొబ్బు" అంటే ఏమని అడుగుతున్నారు. అడవి మాత్రం ఎక్కడికీ పోలేదు. 2014లో ఈ పక్కనే కావేరి ఉత్తర వన్యప్రాణి అభయారణ్యం ఏర్పడింది. చిరతలు దాంట్లో బతకాల, మనం ఇక్కడ బతకాల. రెండూ జరగాలంటే ఆ పాత జాగ్రత్తలు కావాల్సిందే. మాట పోతే దాంతోపాటు జాగ్రత్త కూడా పోతుంది. మీ ఇంటి పెద్దలు ఉండగానే అడిగి రాసి పెట్టుకోండి. మేము మా జేజిని ఇంకా అడగాల్సింది చాలా మిగిలిపోయింది.